పదకొండు సెకన్లు

మరియదాసు ముప్ఫై నాలుగేళ్ళు ఒక డ్యాం కడుపులో ఉద్యోగం చేశాడు. కడుపులో అంటే నిజంగా కడుపులోనే. కృష్ణ మీద ఎగువన ఉన్న ఆ డ్యాం పేరు మనకిక్కడ అనవసరం. చూడవచ్చినవాళ్ళకి అదొక పెద్ద రాతిగోడ, కొన్ని గేట్లు, పక్కన కరెంటు తీసే పవర్‌హౌసు, గేట్లెత్తిన రోజున సెల్ఫీలు దిగడానికి మంచి చోటు. ఆ గోడ లోపల, నది అడుక్కంటే కిందుగా, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా ఒక సొరంగం ఉంటుందని, దాన్ని గ్యాలరీ అంటారని, రెండు వందల పన్నెండు మెట్లు దిగి ఒక మనిషి రోజూ అందులోకి పోయివస్తాడని ఎవరికీ తెలియదు. ఆ మనిషి పని సరిగ్గా జరిగినంతకాలం తెలియాల్సిన అవసరమూ రాదు.

ఆయన పని కారే నీళ్ళు కొలవడం.

డ్యాం అన్నాక కారాలి. కారని డ్యాం గట్టిదనుకోవడం మనబోటివాళ్ళ అమాయకత్వం. ఎంత గట్టి రాతిమీద కట్టినా జలాశయం నీళ్ళు పునాది కిందకి దూరతాయి. దూరి ఊరుకోవు, పైనున్న గోడని ఎత్తబోతాయి. అందుకని కట్టేటప్పుడే గ్యాలరీ నేలలో, గోడలోని ఒక్కో ముక్కకి, అంటే బ్లాకుకి, ఒకటి చొప్పున లోతుగా రంధ్రాలు తొలిచి పెడతారు. కింద చేరిన నీరు ఆ రంధ్రాల్లోంచి పైకొచ్చి కాలవలో పడుతుంది, పంపులు తోడి బయట పోస్తాయి. నీళ్ళకి దారి ఉన్నంతకాలం గోడకి బెంగ లేదు. అయితే ఆ నీరు వస్తూ వస్తూ గోడలోని సున్నాన్ని కూడా కరిగించి తెస్తుంది. మన ఇళ్ళలో గీజరు లోపల పెళ్ళలు కట్టినట్టే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రంధ్రాలకీ పెళ్ళలు కట్టి దారి మూసుకుపోతుంది. వయసైన డ్యాంకి వచ్చే జబ్బుల్లో ఇది చప్పుడు చెయ్యని జబ్బు. దాన్ని పట్టుకోవాలంటే ఒకటే మార్గం. రోజూ ఒకే వేళకి ప్రతి రంధ్రం గొట్టం కింద కొలజాడీ పెట్టి, అర నిమిషంలో ఎంత నీరు పడిందో చూసి, రిజిస్టర్లో రాయాలి.

మరియదాసు అలా ఇరవై రెండు రంధ్రాలు కొలిచేవాడు. ఉయ్యూరు దగ్గర చెరుకు తోటల్లో కూలి చేసిన ఎలీషా కొడుకు. పదో తరగతి పాసై, ఇరవై నాలుగో ఏట గేజ్ రీడరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఆయన పుట్టిన ఊరి కాలవలో పారే నీళ్ళన్నీ ముందు తన పక్కనుంచే పోతున్నాయన్న గర్వం ఆయనకి ఎక్కువే. ఒక్కరోజు నాగా పెట్టేవాడు కాదు. "నాకు సవతి లేని లోటు మీ డ్యాం తీరుస్తోంది," అని భార్య సంపూర్ణమ్మ దెప్పుతుండేది. దెప్పి, టిఫిను క్యారేజీ కట్టి చేతికిచ్చేది.

సంపూర్ణమ్మ జ్వరంతో పడుకుని పదకొండు రోజుల్లో పోయినప్పుడు ఆయనకి నలభై తొమ్మిది, కూతురు బ్లెస్సీకి పదహారు. డ్యాం కాలనీ వెనకున్న సమాధుల దొడ్లోనే ఆమెని పెట్టారు. తర్వాత బ్లెస్సీ చదువుకుంది, విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో బోటనీ చెప్పే ఉద్యోగం తెచ్చుకుంది, తండ్రి రిటైరు కాగానే పటమటలోని తన ఫ్లాటుకి తీసుకొచ్చేసింది. అల్లుడు మంచివాడు. అన్నం వేళకి అన్నం, మందుల వేళకి మందులు. ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ లేదు, అదే ఆయన బాధ.

పన్నెండేళ్ళుగా ఆయన ప్రాణమంతా ఎగువనే ఉంది. పొద్దున్నే సిటీ బస్సెక్కి స్నానాల రేవుకి వచ్చి మెట్లమీద కూచునేవాడు. కృష్ణలో చెయ్యి ముంచి, ఈ నీరు అక్కడ ఎప్పుడు దాటిందో వేళ్ళమీద లెక్కవేసుకునేవాడు. గ్యాలరీలో తడి సున్నం వాసన కావాలనిపించేది. గోడకి అరచెయ్యి ఆనిస్తే పవర్‌హౌసు టర్బైన్లు తిరుగుతున్న అదురు చేతికి తెలిసేది, అది కావాలనిపించేది. ఇరవై రెండు రంధ్రాలవీ ఇరవై రెండు గొంతులు. దీపం ఆర్పేసినా ఏది ఏదో చెప్పగలడు. ఏడోది గొణుగుతుంది, తొమ్మిదోది గలగలమంటుంది, పద్నాలుగోది ఆగి ఆగి పడుతుంది. ఒక్కసారి దిగి వినాలని రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. రిటైరైనవాళ్ళకి గ్యాలరీ పాసులు ఇవ్వరని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. సంపూర్ణమ్మ దగ్గరికి పోవడానికి పాసు అక్కర్లేదు. కానీ డ్యాం గేటు ముందునుంచి పోతూ లోపలికి పోలేకపోవడాన్ని భరించడం ఆయన వల్ల కాలేదు. అందుకని అక్కడికీ పోవడం మానేశాడు. అందుకు తనని తాను క్షమించుకున్నదీ లేదు.

కిందటి అక్టోబరులో ఫోన్ వచ్చింది. డ్యాముల భద్రత చూసే ఆఫీసు నుంచి సాయిశ్రీ అని ఒక అసిస్టెంట్ ఇంజనీరు. "మరియదాసు గారేనా అండీ? మీ రిజిస్టర్లన్నీ నా దగ్గరున్నాయండీ. ఒకసారి ఆఫీసుకి రాగలరా? ఆటో పంపిస్తాను."

ఆటో ఎందుకమ్మా అన్నాడు గానీ, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చెప్పిన వేళకి గంట ముందే చేరాడు.

బల్లమీద ఆయన రిజిస్టర్లు. అట్టలు మారినా, చెదలు మూలలు కొరికినా అవే. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సాయిశ్రీకి ముప్ఫై కూడా ఉండవు. మూడు నెలలు కూచుని ఆ అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించిందట.

"మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయండీ. ఈ డ్యాం గురించి ఇంత పొడుగు లెక్క ఇంకెక్కడా లేదు. ఇప్పుడు రిపేరు ఎక్కడ చెయ్యాలో కమిటీ దీన్నిబట్టే తేలుస్తుంది," అంది. తర్వాత స్క్రీను ఆయన వైపు తిప్పింది. ఇరవై రెండు గీతలు ఎడమనుంచి కుడికి పోతున్నాయి. "ఇదిగో, ఇక్కడ మాత్రం నాకు అర్థం కావట్లేదు. 2003 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు అన్ని బ్లాకుల్లోనూ కారుడు మూడో వంతుకి పైగా పెరిగింది. మరుసటి ఆగస్టులో పునాది పగుళ్ళలోకి సిమెంటు ఎక్కించారు. వెంటనే తగ్గింది. కాబట్టి మళ్ళీ అదే వైద్యం, అవే బ్లాకుల్లో చేద్దామంటున్నారు. ఒక్క తొమ్మిదో బ్లాకు వదిలేసి."

"తొమ్మిది ఎందుకు వదిలేసి?"

"అది అప్పుడు కూడా పెరగలేదు కదండీ. సిమెంటు ఎక్కించాక తగ్గుతూ వచ్చి, ఇప్పుడైతే చుక్క రావట్లేదు. అన్నిటికన్నా గట్టిది అదేనని కమిటీవాళ్ళు సంతోషించారు."

మరియదాసు ఆ గీతలవంక చూశాడు. ఇరవై ఒక్క గీతలు ఆ ఏడాది గూనిలా లేచి దిగాయి. తొమ్మిదోది మాత్రం తిన్నగా పోయింది. ఆ గూని ఎందుకొచ్చిందో ప్రపంచం మొత్తంలో ఆయనొక్కడికే తెలుసు. తొమ్మిది తిన్నగా పోవడానికి అర్థం ఏమిటో మాత్రం ఆ క్షణందాకా ఆయనకీ తెలియదు. తెలిశాక కుర్చీలోంచి లేచాడు. మోకాలు నొప్పిగా ఉందని అబద్ధమాడి ఇంటికొచ్చేశాడు.

మూడు రోజులు అన్నం సయించలేదు. నిజం చెబితే ముప్ఫై నాలుగేళ్ళ రిజిస్టర్లమీద మచ్చ పడుతుంది. ఒక ఏడాది తప్పంటే మిగతా ముప్ఫై మూడూ ఒప్పని ఎవరు నమ్ముతారు? ఈ లోకంలో ఆయన మిగిల్చిందల్లా ఆ రిజిస్టర్లే. చెప్పకపోతే తొమ్మిదో బ్లాకు అలాగే ఉంటుంది. నాలుగో రోజు పొద్దున రేవులో మెట్లమీద కూచుంటే, పక్కన ఒక తల్లి పిల్లని నడుంలోతు నీళ్ళలో నిలబెట్టి తల రుద్దుతోంది. కళ్ళలో సబ్బు పడిందని పిల్ల ఏడుస్తోంది. ఈ ఒడ్డున ఇలాంటివాళ్ళు ఎన్ని వేలమందో. మరియదాసు అక్కడినుంచే ఆఫీసుకి పోయాడు.

"మేడం, ఆ ఏడాది డ్యాం ఎక్కువ కారలేదు. నేను ఎక్కువ కొలిచాను," అన్నాడు నిలబడే.

ఆమె కుర్చీ వేసి కూచోబెట్టింది. ఆయన చెప్పాడు. ఆ జూన్‌లో స్టాప్‌వాచ్ చెయ్యి జారి పంపుల గుంటలో పడింది. కొత్తదానికి అర్జీ పెడితే పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా చేతి గడియారంతో కొలుద్దామంటే, గ్యాలరీ తేమకి దాని అద్దంలో నీరు చేరి ముళ్ళే కనబడలేదు. పైగా ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో జాడీ. అందుకని చర్చిలో అందరూ కలిసి చదివే పరలోక ప్రార్థనతో కొలిచాడు.

"ప్రార్థనతోనా?"

"అవునమ్మా. స్టాప్‌వాచ్ ఉన్న రోజుల్లోనే పరీక్ష చేసుకున్నాను. మొదలుపెట్టి ఆమెన్ అనేసరికి ముప్ఫై సెకన్లు. ఎన్నిసార్లు చూసినా ముప్ఫయ్యే. జూన్, జులై అలాగే కొలిచాను, మీ గీతల్లో తేడా రాలేదు చూడండి. ఆగస్టు చివర్లో మా ఆవిడ పోయింది. అప్పటినుంచి నా ప్రార్థన సాగిపోయింది. సాగిందని నాకు తెలియలేదు. కొత్త వాచీ వచ్చిన రోజున తెలిసింది. సరిగ్గా ఆ వారమే సిమెంటు ఎక్కించారు. అంకెలు తగ్గేసరికి అంతా సిమెంటు మహిమే అనుకున్నారు. పెద్దలకి ప్రశంసాపత్రాలు కూడా వచ్చాయి. నేను నోరు మూసుకున్నాను."

సాయిశ్రీ స్క్రీనుమీద తొమ్మిదో గీత వెంట వేలు పోనిచ్చింది. ఆ పిల్ల చురుకైనది, చెప్పకుండానే పట్టుకుంది. "అంటే అన్నిట్లోనూ మీరు ఒకే పాళ్ళలో ఎక్కువ రాశారు. అలాంటప్పుడు తొమ్మిదో దాంట్లో కూడా పెరిగి కనబడాలి. పెరగలేదంటే…"

"అసలు నీరు తగ్గిపోయింది తల్లీ. పావు వంతు పైనే. సున్నం పట్టడం ఆ ఏడే మొదలైంది. ఇరవై ఏళ్ళుగా మూసుకుపోతూ వచ్చింది. దాన్ని గట్టిదంటున్నారు మీరు. దాని కింద నీళ్ళకి ఇప్పుడు దారే లేదు."

ఇంత చెప్పాక పని తేలికవుతుందనుకున్నాడు పాపం. సాయిశ్రీ పైఅధికారి వెంకటకృష్ణారావు గారు ఎస్.ఇ., అంటే సూపరింటెండింగ్ ఇంజనీరు, మరో ఏడాదిలో రిటైరు కాబోయే మనిషి. సంగతంతా విని ముందు పెద్దగా నవ్వాడు. "ఇంకా నయం, భజన చేసి కొలవలేదు!" తర్వాత నవ్వు ఆపేశాడు. "చూడండి మరియదాసు గారూ, మీమీద నాకు కోపం లేదు. కానీ ప్రార్థనతో కొలిచిన నీళ్ళని కమిటీ ముందు ఎలా పెట్టను? ఇది బయటికొస్తే మీ రిజిస్టర్లన్నీ చిత్తు కాగితాలంటారు. అప్పుడు తొమ్మిది గురించి మీరు చెప్పిందీ వాటితోనే పోతుంది."

మరియదాసు తల దించుకున్నాడు. సాయిశ్రీ దించుకోలేదు.

"సార్, పరీక్ష చేద్దాం. ఆ ఏడాది ప్రార్థన ఎన్ని సెకన్లు పట్టి ఉండాలో అంకెల్నిబట్టి లెక్క కట్టాను. ఆయనకి చెప్పను. ఈ కాగితంమీద రాసి మీ జేబులో పెడుతున్నాను. ఆయన్ని గ్యాలరీలోకి తీసుకెళ్దాం. అప్పుడు చదివినట్టే చదవమందాం. వాచీ మీరే పట్టుకోండి. కలిస్తే మిగతా రిజిస్టర్లన్నీ నిలబడినట్టే."

"కలవకపోతే?"

"రిజిస్టర్లన్నీ పక్కన పెట్టేద్దామండీ," అన్నాడు మరియదాసు.

నవంబరు మొదటి వారంలో జీపులో బయల్దేరారు. నాలుగు గంటల ప్రయాణంలో ఆయన లోలోపల ప్రార్థన చదివి చూసుకుంటూనే ఉన్నాడు. మామూలుగా తప్ప రావడం లేదు. ఆ ఏడాది ఎలా చదివాడో, ఎక్కడ సాగిందో ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. డ్యాం కనబడింది. పన్నెండేళ్ళు ఎదురుచూసిన దృశ్యం. ఆయన సరిగ్గా చూడను కూడా లేదు.

రెండు వందల పన్నెండు మెట్లు. రెయిలింగు పట్టుకుని, మూడుసార్లు ఆగి దిగాడు. వెంకటకృష్ణారావు గారు అయిదుసార్లు ఆగాడు. గ్యాలరీ తలుపు తియ్యగానే తడి సున్నం వాసన వచ్చి ముక్కుకి తగిలింది. మరియదాసు గోడకి చెయ్యి ఆనించాడు. అదురు తెలిసింది. ఏడోది గొణుగుతోంది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని అడుగుతున్నట్టే ఉంది. ఇంకాస్త ముందుకి నడిస్తే తొమ్మిది. గొట్టం నోట తెల్లగా పెళ్ళ కట్టి ఉంది. చప్పుడు లేదు.

"ముందు మామూలుగా చదవండి," అన్నాడు ఎస్.ఇ., ఫోనులో గడియారం తీసి.

చదివాడు. ముప్ఫై సెకన్లు. ఎస్.ఇ. కనుబొమలు లేచాయి.

"ఇప్పుడు ఆ ఏడాది చదివినట్టు."

మరియదాసు కళ్ళు మూసుకున్నాడు. మొదటి మాట పైకి అన్నాడు. రెండోది అనబోయి ఆగిపోయాడు. ఆగిన ఆ చోట, తొమ్మిదో రంధ్రం మూగబోయిన చోట, ఆయనకి అంతా గుర్తొచ్చింది. కాలనీ ఇంట్లో రోజూ సాయంత్రం అన్నాల ముందు ఇద్దరూ కలిసి చదివేవారు. ఒక మాట ఆయన, తర్వాతి మాట ఆమె. సంపూర్ణమ్మ నిదానం మనిషి. ప్రతి మాటా నమిలినట్టు పలికేది, ఆయన విసుక్కునేవాడు. ఆమె పోయాక ఇంట్లో ప్రార్థన మానేశాడు. ఇక్కడ, ఈ చీకట్లో, జాడీ పట్టుకుని తన మాట తను చదివి, ఆమె మాట వచ్చేసరికి ఆగేవాడు. ఆమె చదివి ముగించిందాకా ఆగేవాడు. ఏడాదిపాటు, రోజుకి ఇరవై రెండుసార్లు. తన ప్రార్థన సాగడం కాదది. సగం ఆమెకి వదిలేశాడు.

"మళ్ళీ మొదలుపెడతానండీ," అన్నాడు.

తన మాట అన్నాడు. ఆగాడు. పద్నాలుగో రంధ్రం ఆగి ఆగి పడటం వినిపించింది. ఆమె ముగించింది. ఆయన తర్వాతి మాట అందుకున్నాడు. అలా చివరిదాకా చదివి, ఆమెన్ మాత్రం ఒక్కడే అన్నాడు.

ఎస్.ఇ. ఫోను చూసుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి విప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టి సాయిశ్రీకి చూపించాడు. కాగితంమీద నలభై ఒకటి. ఫోనులో నలభై ఒకటి.

"పదకొండు సెకన్లు ఎక్కువ," అన్నాడు వెంకటకృష్ణారావు గారు, ఈసారి నవ్వకుండా. తొమ్మిదో గొట్టం దగ్గరికి పోయి తెల్ల పెళ్ళని గోటితో గీరి చూశాడు. "డ్రిల్లింగువాళ్ళకి చెప్పమ్మా. ముందు ఇదే తొలవాలి. కమిటీతో నేను మాట్లాడతాను." తర్వాత మరియదాసు వైపు తిరిగి, ఆయన భుజంమీద చెయ్యి వేసి, మెట్లవైపు నడిచాడు.

సాయిశ్రీ సంచిలోంచి 2003 రిజిస్టరు తీసింది. సవరణ ఎర్ర సిరాతో అందులోనే రాసి, కారణం చూపించి, సంతకాలు పెట్టాలట. "కారణం ఏమని రాయమంటారండీ? 'స్టాప్‌వాచ్ లేనందున' అని రాసెయ్యనా? నిజమే కదా."

మరియదాసు రిజిస్టరు తీసుకుని టార్చి వెలుగులో పేజీలు తిప్పాడు. ఆగస్టు ఇరవై ఎనిమిది. సంపూర్ణమ్మని మట్టిలో పెట్టిన మర్నాడు. ఆ రోజు కూడా దిగాడు. ఇరవై రెండు అంకెలు, వంకర లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో. చివరి గడిలో, రిమార్కుల కింద: 'విశేషాలు లేవు.'

"నా భార్య చనిపోయిందని రాయండమ్మా," అన్నాడు. "అప్పుడు నేను రాయలేదు."